ఒకే విన్నపంలో రెండు సంగతులు

మా ఊళ్లో నన్ను పెదనాన్నా అని పిలిచే ముసలమ్మలున్నారు. నాకు చూస్తే ఇంకా యాభై కూడా నిండలేదు. ఇందులో నా ప్రతాపమేమీ లేదు. మా ఇంటిపేరు తా. ఆ వంశంలో మాది పెద్ద కొమ్మ. మా కొమ్మ మగాళ్లు అన్నిటికీ నిదానమే, పెళ్లికి కూడా. చిన్న కొమ్మ వాళ్లు ఒక తరం ముందుకు పరిగెత్తేసినా మేము ఇంకా వెనకే ఉన్నాం. ఆ ఆలస్యం వల్ల దక్కిన పెద్దరికం నాది. పెద్ద కొడుక్కి పెద్ద కొడుకుగా పుట్టడం తప్ప నేను చేసిందేమీ లేకపోయినా వంశపెద్దనయ్యాను. పూర్వీకుల మందిరం తాళంచెవి నా మొలకి వేలాడుతుంది. మిగతా పొద్దంతా నేను బాతులు మేపుకుంటాను.

నన్ను పెదనాన్నా అని పిలిచేవాళ్లలో ఒకావిడ తా థి ఉయెన్. డెబ్బైకి దగ్గరపడింది. మా దేశం తరఫున పెద్ద పెద్దవాళ్ల ఎదురుగా కూర్చుని మాట్లాడి వచ్చిన మనిషి. ఆవిడ మా వసారాలో కూర్చుని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, "పెదనాన్నా, తమరు ఆరోగ్యమేనా?" అని అడుగుతుంటే నా కాళ్లకు బాతుల రెట్ట అంటుకుని ఉండేది.

ఆవిడ పేరు నేను పుట్టకముందే మా ఇంట్లో ఉంది. మా అమ్మ ఆవిణ్ణి తిట్టని సంత రోజు లేదు. స్వతంత్రం ప్రకటించుకున్న కొత్తలో చదువురాని వాళ్లుండకూడదని దేశమంతా ఉద్యమం నడిచింది. మా సంతకు రెండు దారులు పెట్టారు. పలకమీద రాసిన మాట చదివినవాళ్లు వెదురు పందిరి కిందనుంచి దర్జాగా వెళ్లొచ్చు. చదవలేనివాళ్లు పక్కనున్న బురదలోంచి పోవాలి. ఆ పలక పట్టుకుని నిలబడ్డది ఉయెన్. అప్పటికి పదిహేనేళ్ల పిల్ల. మా అమ్మ కోడిగుడ్ల బుట్టతో ఆ బురదలో జారిపడింది.

"గుడ్లన్నీ పోయాయిరా. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి లేపింది. లేపి, మళ్లీ ఆ పలకే చూపించింది, రాక్షసి!" అనేది అమ్మ. కోపంకొద్దీ ఆ చలికాలంలోనే అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకున్నాక సరుకు లేకపోయినా ఊరికే ఆ పందిరి కిందనుంచి అటూ ఇటూ నడిచేదట.

ఆ తర్వాత ఉయెన్ అడవుల్లోకి వెళ్లింది, అక్కడ చెట్ల కింద పిల్లలకూ సిపాయిలకూ చదువు చెప్పింది. పరాయి భాష నేర్చుకుంది. యుద్ధం రోజుల్లో దూరదేశంలో చర్చలు జరిగితే మనవాళ్ల వెనక కుర్చీలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది. అక్కడ బల్ల ఏ ఆకారంలో ఉండాలన్న దానిమీదే వారాలు గడిచాయని రేడియోలో విన్నప్పుడు మా ఊరివాళ్లకి అర్థం కాలేదు. మేము చాపమీద గుండ్రటి పళ్లెం చుట్టూ ఆరుగురం కూర్చుని తినేవాళ్లం. తిండికి లేని తంటా మాటలకెందుకో మాకు తెలియలేదు. తర్వాత ఆఫ్రికాలో ఒక వేడి దేశానికి రాయబారిగా వెళ్లింది. వెనక్కొచ్చి రాజధాని హనోయ్‌లో భాషలు నేర్పే కళాశాలకు పెద్దయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని మా ఊళ్లో ఇంటికొక కథ ఉంది. ఏ కథా ఇంకో కథతో కలవదు.

ఉద్యోగం అయిపోయాక అందరూ హనోయ్‌లోనే ఉండిపోతుందనుకున్నారు. ఒక సైకిలూ రెండు పెట్టెలూ వేసుకుని ఊరికి దిగింది. దిగిన వారానికే మా వసారాకి వచ్చింది.

మా ఊళ్లో బడి తొమ్మిదో తరగతితో సరి. పై చదువుకు జిల్లా పట్నం పోవాలి. మగపిల్లల్ని సైకిళ్లెక్కించి పంపుతారు. ఆడపిల్లల్ని హనోయ్‌లో ఎవరింట్లోనో పిల్లల్ని ఆడించడానికి పంపుతారు. ఉయెన్ మా ఊళ్ల పాలన చూసే కమ్యూన్ ఆఫీసు చుట్టూ తిరిగి ఒక మాట సంపాదించింది. పై తరగతులకు పంతుళ్లనిస్తారు, కానీ వానకు కురవని పెద్ద గది ఒకటి బడి తెరిచేలోగా చూపించాలి. లేకపోతే ఆ పంతుళ్లు పక్క కమ్యూన్‌కి పోతారు. ఊరు మొత్తంమీద అలాంటి గది ఒక్కటే. పెంకుల కప్పు, లక్క రంగు స్తంభాలు, నా మొలకి దాని తాళంచెవి. మా వంశ మందిరం.

"రోజంతా అక్కర్లేదు పెదనాన్నా," అంది మొదటిసారి. "సాయంత్రం దాకా చాలు."

నేను మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదో చెబితే నవ్వుతారు. వరసప్రకారం ఆవిణ్ణి నువ్వు అనాలి, అమ్మాయ్ అని పిలవాలి. మా అమ్మ వయసుకి దగ్గరగా ఉన్న మనిషిని, రాయబారిని, నా నోటితో అమ్మాయ్ అనడమా? మీరు అంటే వరస తప్పుతుంది, పూర్వీకులు వింటారు. నువ్వు అంటే నోరు రాదు. మా భాషలో ఏదో ఒకటి అనకుండా వాక్యం మొదలవదు. అందుకని వెదురు హుక్కాలో పొగాకు కూరుకుని, పొగ పీల్చి, చెరువువైపు చూశాను.

ఆవిడ ఎప్పుడూ వెలుతురు తన వీపుమీద పడేలా కూర్చునేది. నా మొహం ఆవిడకి పూర్తిగా కనబడేది, ఆవిడ మొహం నాకు సగమే కనబడేది. పాత అలవాటు కాబోలు. తేనీటి గిన్నె నేను ఎత్తాకే ఎత్తేది, నేను దించకముందే దించేది. అంత చూశాను గాని ఒక్క మాట అనలేకపోయాను.

రెండోసారి వచ్చినప్పుడు, "సరే, పొద్దుటిపూట మాత్రమే," అంది. నేను పొగ వదిలాను. మూడోసారి వచ్చినప్పుడు, పండగలకూ తద్దినాలకూ పదిరోజులు ముందే ఖాళీ చేస్తామంది, గోడలకు సున్నం తానే వేయిస్తానంది. నేను దగ్గాను. అది ఒట్టి దగ్గే. ఆవిడ తలాడించి, "అర్థమైంది. పగిలిన పెంకులు కూడా మార్పిస్తాను," అంది.

లోపల్నుంచి మా ఆవిడ లువా వింటూనే ఉంది. ఉయెన్ వెళ్లాక గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఆవిడ దేశాలతో మాట్లాడొచ్చింది. నువ్వు బాతులతో మాట్లాడొచ్చావు. చూడబోతే నువ్వే గెలుస్తున్నావే!"

"నేనేం అన్లేదే."

"అదేగా అంటున్నాను. మన అమ్మాయికి హనోయ్‌లో పని కుదిరింది, గుర్తుందా? వచ్చే నెల బస్సెక్కిస్తారు. నోరు తెరువు మహానుభావా!"

మా అమ్మాయి థోవా ఆ ఏడే తొమ్మిది పూర్తిచేసింది. పని కుదిరిన ఇంటివాళ్లు ఫోటో పంపారు, అందులో బొద్దుగా ఉన్న పసివాడు. థోవా ఆ ఫోటో ఒక్కసారి చూసి బోర్లా పెట్టింది. దాన్ని ఎవరూ తిరగేయలేదు. అది నేను గమనిస్తూనే ఉన్నాను. గమనించడంలో నన్ను మించినవాడు లేడు. ఆ తర్వాత చేయాల్సిందేదో ఉంటుంది చూడండి, అక్కడే మా కొమ్మ మగాళ్లం ఆగిపోతాం.

నాలుగోసారి ఉయెన్ వచ్చినప్పుడు ఎవరినీ ఉద్దేశించకుండా, చెరువుకి చెప్పినట్టు, "నాకేం అభ్యంతరం లేదు," అన్నాను.

ఆవిడ గిన్నె దించింది. "పెదనాన్నా, మీలాంటివాళ్లు అవతలి పక్కన కూర్చుని ఉంటే మా చర్చలు ఇంకో పదేళ్లు నడిచేవి," అంది. లోపల గరిటె కిందపడిన శబ్దం వచ్చింది.

అంతటితో అయిపోతే బాగుండేది. థాక్ ఉన్నాడు. చిన్న కొమ్మ, డెబ్బై అయిదేళ్లవాడు, సైన్యంలో సరుకుల గిడ్డంగి చూసి వచ్చాడు. వరసకు నాకు తమ్ముడు. నన్ను అన్నా అంటూనే తిడతాడు. మర్నాడు ఉయెన్ మా వసారాలో ఉండగానే సంగతి విని వచ్చాడు.

"అన్నా, నీకు బుద్ధుందా? మన వంశానికి మూలమైన తాత కూర్చునే చోట ఆడపిల్లలు కూర్చుంటారా? చదివి చదివి రేపు ఏ ఇంటి వంటింట్లోకో పోతారు. వాళ్ల పూర్వీకులకి వండి పెడతారు. మన తాతకేంటి లాభం?"

"చిన్నాన్నా," అంది ఉయెన్, "తాత కూడా పిల్లలకు చదువు చెప్పుకునే బతికాడుగా?"

"మగపిల్లలకి!" అన్నాడు థాక్. "అయినా ఆ ఇల్లు ఇవ్వడానికి అన్నెవరు, కాదనడానికి నేనెవర్ని? తద్దినం నాడు తాతనే అడుగుదాం. ఆయన సరేనంటే నేను నోరెత్తను. పద్ధతి పద్ధతే."

మూలపురుషుడి తద్దినం ఏడో చాంద్రమాసంలో వస్తుంది, బడి తెరవడానికి కాస్త ముందు. ఆ రోజు వంశపెద్ద ఏదైనా పెద్ద సంగతి పూర్వీకుల్ని అడగొచ్చు. రెండు పాత రాగి నాణేలుంటాయి, ఒక్కో దానికి ఒక వైపు సున్నం పూసి ఉంటుంది. విన్నపం చెప్పుకుని పళ్లెంలో వేయాలి. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా పడితే సరే అన్నట్టు. రెండూ ఒకేలా పడితే కాదన్నట్టు. మూడుసార్లు అడగొచ్చు. ఆపైన అడిగితే విసిగించినట్టు.

ఆ రోజు పొద్దున్నే పందిని కోశారు. ఆడవాళ్లు పెరట్లో జిగురన్నం వండుతున్నారు, పళ్లేలు సర్దుతున్నారు. ఉయెన్‌కి మందిరంలో చోటు లేదు. ఆడపడుచు కదా, పెరట్లో చాపమీద కూర్చోబెట్టి అరటి దవ్వ తరగమన్నారు. ఆ దవ్వ కాగితంలా పల్చగా రావాలి. ఆవిడ తరిగింది తలుపు గడియల్లా వచ్చింది.

"అక్కయ్యా, ఇది తినడానికా, పొయ్యిలో పెట్టడానికా?" అంది ఒకామె.

"ఆఫ్రికాలో ఏనుగులకి ఇలాగే తరిగి పెట్టేదేమోలే!" అంది ఇంకొకామె.

ఉయెన్ కూడా నవ్వి ఇంకో గడియ తరిగింది. ఆవిడ చూపు మాత్రం మందిరం గుమ్మంమీదే ఉంది.

నేను పొడుగు నల్ల అంగీ వేసుకుని అగరొత్తులు వెలిగించాను. వెనక మగాళ్లందరూ నిలబడ్డారు. వంశపెద్ద విన్నపం ఎప్పుడూ గొణుగుడే, ఎవరికీ వినబడదు. అది నాకు దేవుడిచ్చిన వరం. గొణిగాను. నాణేలు వేశాను. రెండూ తెల్లగా పడ్డాయి.

"కాదన్నాడు," అన్నాడు థాక్.

మళ్లీ గొణిగాను. రెండూ నల్లగా పడ్డాయి.

"మళ్లీ కాదన్నాడు. ఇంకొక్కటే మిగిలిందన్నా."

చేతులు కడుక్కొస్తానని బయటికి వచ్చాను. మూడోసారికి ముందు కడుక్కోవడం ఆచారమే. తొట్టి దగ్గర నీళ్లు పోసుకుంటుంటే ఉయెన్ కత్తి పట్టుకునే వచ్చింది. నా మొహం చూసి అడగకుండానే తెలుసుకుంది.

"రెండూ పోయాయా?"

తల ఊపాను.

"ఏమని అడిగారు పెదనాన్నా? ఉన్నమాట ఉన్నట్టు చెప్పండి. ఒక్క ముక్క వదలకండి."

"మందిరం బడికివ్వొచ్చా అని."

"అంతేనా?"

నేను చేతులు మళ్లీ కడుక్కున్నాను.

"పెదనాన్నా."

"తర్వాత... పక్క ఊళ్లో బాతులకి రోగమొచ్చింది కదా. అది మన బాతులకి రాకుండా చూడమని కూడా..."

"అదే విన్నపంలోనా?"

"వేరేగా అడిగితే విసుక్కుంటాడని."

దవ్వ తరుగుతున్న ఆడవాళ్లు ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. లువా నవ్వలేదు. ఆవిడ చూపు నేను ఇక్కడ రాయను. ఉయెన్ కూడా నవ్వలేదు. కత్తిని చొక్కా అంచుకి తుడిచింది.

"అయితే తాత దేన్ని కాదన్నట్టు? బడినా, బాతులనా?"

"తెలీదు."

"అదీ సంగతి. ఒకే వాక్యంలో రెండు సంగతులు పెడితే అవతలివాళ్లు నచ్చనిదాన్ని పట్టుకుని రెంటినీ తోసేస్తారు. మా దగ్గరికి కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజే చెప్పేవాళ్లం. లోపలికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తే ఆ రెండుసార్లూ చెల్లవు అనొచ్చు. థాక్ చిన్నాన్నకి పద్ధతంటే ప్రాణం. చెప్పకపోతే మిగిలిన ఒక్కసారీ వేసి చూడాలి. కానీ చెబితే పోయేది మీ పరువు. అది నేను అడగలేను."

ఇన్నాళ్లూ ఒక్కో మెట్టు దిగుతూ బేరమాడిన మనిషి, ఆ మాట దగ్గర ఆగిపోయింది. తొట్టికి అవతల థోవా గిన్నెలు తోముతోంది. మావైపు చూడలేదు. తోమిన గిన్నెనే మళ్లీ తోముతోంది.

నా పరువు గురించి ఆలోచించాను. ఎక్కువసేపు పట్టలేదు, అంత పెద్దది కాదు. అయినా ఉన్నదంతా ఆ పొడుగు అంగీలోనే ఉంది. ఏడాదికొక్కరోజు దాన్ని తొడుక్కుంటే డెబ్బై ఏళ్ల ముసలాళ్లు నా వెనక నిలబడి దండం పెడతారు. మిగతా రోజుల్లో నేను బాతుల వెనక నిలబడతాను.

లోపలికి వెళ్లి అందరివైపు తిరిగాను. వంశపెద్ద పూర్వీకులకు వీపు చూపించకూడదు. అది కూడా తప్పేనని తర్వాత చెప్పారు.

"నేను అడిగిందాంట్లో బడి ఒక్కటే లేదు," అన్నాను. "బాతులు కూడా ఉన్నాయి."

కాసేపు ఎవరికీ బోధపడలేదు. "ఏ బాతులు?" అన్నాడొకాయన.

"నావే. రోగం రాకుండా చూడమని."

నవ్వు వెనక వరసలో మొదలైంది. ముందుకొచ్చేసరికి ఒకాయన స్తంభం పట్టుకున్నాడు. ఇంకొకాయన హుక్కా జారవిడిచాడు. మా మేనల్లుడు "బాతుల మొక్కు ఇంకో పళ్లెంలో వేయాల్సింది మావయ్యా!" అని కేక వేశాడు. పూర్వీకుల ముందు అంత నవ్వు అంతకుముందు ఎప్పుడూ వినలేదని ముసలాళ్లన్నారు.

థాక్ మాత్రం నవ్వలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇన్ని తరాల వంశం! తాతని పశువుల డాక్టరు చేశావా అన్నా?" అన్నాడు. ఆపైన, నేను ఊహించినట్టే, అతనిలోని గిడ్డంగి గుమస్తా నిద్రలేచాడు. "ఒక విన్నపానికి ఒక సంగతి. పద్ధతి అది. ఆ రెండుసార్లూ చెల్లవు. మళ్లీ మొదట్నుంచి మూడు. ఈసారి గట్టిగా అడుగు. అందరికీ వినబడాలి. నోట్లో ఇంకేం దాచావో ఎవరికి తెలుసు!"

గట్టిగా అడగడం! నా జీవితంలో నేను గట్టిగా మాట్లాడింది బాతుల్ని పిలవడానికే. ఇప్పుడూ ఆ గొంతే వచ్చింది.

"తాతగారూ! మీ ఇంట్లో మన ఊరి ఆడపిల్లలు కూర్చుని చదువుకుంటారట! కూర్చోనిస్తారా?"

పెరట్లో కత్తుల చప్పుడు ఆగిపోయింది.

మొదటిసారి రెండూ నల్లగా పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. అదే మాట మళ్లీ, అదే గొంతుతో అడిగాను. నాణెం ఒకటి పడగానే తెల్లగా నిలిచింది. రెండోది పళ్లెం అంచున గుండ్రంగా తిరిగి, ఒరిగి, నల్లగా పడింది.

థాక్ పళ్లెం అందుకుని వెలుతురుకి వంచి చూశాడు. గోటితో సున్నం గీకి చూశాడు. ఇంకో మనిషైతే పళ్లెం కదిలిందనో, నేల వాలుగా ఉందనో అనేవాడు.

"సరే అన్నాడు," అన్నాడు. "కానీ తద్దినాలకి పదిరోజుల ముందు ఖాళీ చేయాలి. ఆ అమ్మాయి తనే చెప్పింది, నేను మర్చిపోలేదు."

"బాతుల సంగతి కూడా అడిగెయ్ మావయ్యా!" అని వెనకనుంచి కేక.

"వచ్చే ఏడు!" అన్నాడు థాక్.

నేను పెరట్లోకి వచ్చాను. ఉయెన్ చాపమీద దవ్వ ముందు కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. అందరూ నా నోటివైపు చూస్తున్నారు. ఏదో ఒక వరసతో మొదలుపెట్టాలి.

"అమ్మాయ్," అన్నాను, "నీకు ఇచ్చారు."

ఆవిడ లేచి, ఊళ్లో చిన్నపిల్లలు చేసినట్టు రెండు చేతులూ ముందు కట్టుకుని, తలవంచి, "అలాగే పెదనాన్నా," అంది. కళ్లు తుడుచుకుంటే దవ్వ జిగురు అంటుకుంది. లువా తడిబట్ట తెచ్చి తుడుస్తూ, "ఏడవకమ్మా. ఈయన ఈ ఏటికి మాట్లాడాల్సిందంతా మాట్లాడేశాడు, ఇంక అడ్డు రాడు," అంది. ఆ బట్టతోనే థోవా చేతులు కూడా తుడిచి, "ఇంక చాల్లే, ఆ గిన్నెకి చిల్లు పడుతుంది," అంది.

ఆ చలికాలంలో నా బాతుల్లో సగం పోయాయి. విడిగా అడగలేదు కదా.

బడి మాత్రం తెరిచారు. ఉయెన్ గుమ్మంమీద బోర్డు పెట్టించింది. కమ్యూన్ పేరూ తరగతుల పేర్లూ అందులో ఉన్నాయి, చక్కటి అక్షరాలు. ఆ బోర్డు చదివేవాళ్లెవరూ లేరు. ఆ తద్దినం కథ బడి తెరిచేలోపే నాలుగు ఊళ్లకి పాకింది. సంతలో కూరగాయలమ్మేవాళ్ల దగ్గర్నుంచి పడవవాళ్ల దాకా అందరూ దాన్ని బాతుల బడి అంటారు. ఆడపిల్లలు కూడా అలాగే అంటారు. మా థోవాని ఎక్కడ చదువుతున్నావని అడిగితే, ఏమాత్రం సిగ్గులేకుండా, "బాతుల బళ్లో," అంటుంది.

మొన్న కరకట్టమీద బాతుల్ని తోలుకుపోతుంటే హనోయ్ నుంచి కారొకటి వచ్చి ఆగింది. తెల్లచొక్కా పెద్దమనిషి అద్దం దించాడు.

"ఏమండీ, రాయబారిగా చేసిన ఉయెన్ గారు నడిపే పాఠశాల ఎక్కడ? పూర్తి పేరు..." అని కాగితం తీసి చదవబోయాడు.

ఆయన్ని మీరు అనాలా, నువ్వు అనాలా అని నాకు అనుమానమే రాలేదు. పరాయివాడు.

"బాతుల బడా?" అన్నాను. "తిన్నగా వెళ్లండి."

ఆయన నావైపు చూశాడు, కారు చుట్టూ చేరిన బాతులవైపు చూశాడు. ఆయనకేం అర్థమైందో నాకు తెలీదు. నేను చెప్పనూ లేదు.